పాత మండువా ఇల్లు కొని, బాగుచేసి, రెండేళ్ళలో అమ్మాలని ఉంది. ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి?

వైనతేయ_గట్టు
కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో ఓ ఊళ్ళో పాత మండువా ఇల్లు చూశాం. సింహద్వారం పైపట్టె మీద 1938 అని చెక్కి ఉంది. 16 సెంట్ల స్థలం. నాలుగు వైపులా సావిళ్ళు, మధ్యలో పైకప్పు లేని మండువా, ఎనిమిది టేకు స్తంభాలు, పైన బంగాళా పెంకు, పెరట్లో నుయ్యి, తొమ్మిది కొబ్బరి చెట్లు. ఆరేళ్ళ నుంచి తాళం వేసి ఉంది. 58 లక్షలు అడుగుతున్నారు.

మేమిద్దరం కాకినాడలో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. పిల్ల పెద్ద చదువుకి డబ్బు పెంచుకోవాలని ఆలోచన. కొని, బాగుచేసి, రెండేళ్ళలో అమ్మితే 95కి పోతుందని మధ్యవర్తి చెబుతున్నాడు. కాంట్రాక్టరుని తీసుకెళ్ళి చూపించాం. మండువా మీద స్లాబు వేసి మూసెయ్యడం, గోడలకి సిమెంటు ప్లాస్టరింగు, నేలంతా టైల్సు, పైన ఫాల్స్ సీలింగు, మొత్తం 21 లక్షలన్నాడు. స్తంభాలు పీకి అమ్మితే మూడు లక్షలు వెనక్కొస్తాయట.

గోడలు నడుం ఎత్తు దాకా ఉప్పురిసి, చేత్తో తడిమితే పొడి రాలుతోంది. ఆ స్తంభాలు పీకించడానికి నాకు మనసొప్పట్లేదు. మా ఆయనకి లెక్క కుదరాలి. ఇలాంటి ఇల్లు బాగుచేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

కొబ్బరితోట_బాబాయ్
మన వైపు పెంకుటింటికి విలువ కట్టరమ్మా. స్థలానికే కడతారు. సెంటు ఎంత పలుకుతోందో పక్కవాళ్ళని అడిగి 16తో గుణించు. వచ్చిన అంకె 58 కంటే తక్కువైతే ఇంక మాట్లాడకు. ఇల్లు ఊరికే వచ్చినట్టుంటేనే కొనాలి.

భీమారం_బుల్లోడు
బాబాయ్ గారి మాటే నాదీ. మా బ్యాంకు తరఫున విలువ కట్టడానికి వచ్చినాయన పెంకు చూసి లోపలికి కూడా రాలేదు. స్థలం కొలుచుకుని పోయాడు. లోను దాని మీదే ఇచ్చారు.

సున్నంగానుగ
ఇరవై రెండేళ్ళు సివిల్ పని చేసి మానేశాను, అందులో చివరి పదేళ్ళు పాత ఇళ్ళే. కాంట్రాక్టరు చెప్పిన నాలుగు పనుల్లో మూడు ఆ ఇంటిని చంపేవే. ఎందుకో కాస్త విపులంగా రాస్తాను.

ముందు ఆ ఉప్పు సంగతి. మన డెల్టాలో నేల కింద నీళ్ళు చాలా పైనుంటాయి. కాలవ నడిచే రోజుల్లో నూతిలోకి తొంగిచూస్తే చేతికందేలా ఉంటాయి కదా, అవే నీళ్ళు ఇటుక పీల్చుకుని గోడలోకి ఎక్కుతాయి. వాటితో నేలలో ఉప్పూ ఎక్కుతుంది. 1938 నాటి ఇల్లంటే లోపల సున్నపు అడుసుతో కట్టిన గోడ, పైన సున్నపు పూత. సున్నం గాలి పీలుస్తుంది. నీరు ఎక్కినంత ఎక్కి పూతలోంచి ఆరిపోతుంది, ఉప్పు పైన పొడిలా రాలుతుంది. వెల్ల వేసుకుంటే సరిపోయేది. ఏటా సంక్రాంతికి వెల్ల వేసే అలవాటులో ఈ పని కూడా జరిగిపోయేది.

ఇప్పుడు దాని మీద సిమెంటు పూశామనుకోండి. నీటికి బయటికి దారి ఉండదు. ఆరే చోటు వెతుక్కుంటూ ఇంకా పైకి పోతుంది. నడుం దాకా ఉన్న చెమ్మ మూడేళ్ళలో భుజం దాకా వస్తుంది. సిమెంటు వెనకాల ఉప్పు గడ్డకట్టి ఇటుకని లోపల్నుంచే పిండి చేస్తుంది. ఓ రోజు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. నన్ను పిలిచేది అప్పుడే. మీ ఇంట్లో ఇంతకు ముందే ఎవరైనా కింద సిమెంటు పూశారేమో చూడండి. నడుం ఎత్తు దగ్గర గీత గీసినట్టు ఆగిందంటే నా అనుమానం అదే.

చెయ్యాల్సింది: ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక ఆ సిమెంటు చెక్కించి, ఇటుక సందులు గీకించి, జూన్‌లో కాలవలు వదిలేదాకా గోడని ఎండనివ్వండి. తలుపులూ కిటికీలూ తీసి వదిలెయ్యాలి. తర్వాత సున్నం పూత. కనీసం రెండు వారాలు గోతిలో నానిన సున్నం, ఇసుకా ఒకటికి రెండున్నర, కాస్త ఇటుక పొడి. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపితే పట్టు వస్తుంది. కాలం మాత్రం సిమెంటు కంటే ఎక్కువ పడుతుంది.

ఫాల్స్ సీలింగు మాట అసలు ఎత్తకండి. పెంకు కారినా, వాసం పుచ్చినా కళ్ళకి కనబడాలి. కప్పేస్తే మీద పడేదాకా తెలీదు.

వైనతేయ_గట్టు
మీరన్నట్టే ఉందండీ. వీధి వైపు గదిలో గీత గీసినట్టే ఆగింది. అది సిమెంటేనని మీ పోస్టు చదివాకే తెలిసింది.

దస్తావేజు
గోడలకి ముందు కాగితాలు. ఈ ఇల్లు ఎవరి పేరున ఉంది? ఎంతమంది పిల్లలు? ఆరేళ్ళు తాళం పడిందంటే అన్నదమ్ముల మధ్య తేలలేదని అర్థం.

వైనతేయ_గట్టు
తాతగారు కట్టించారట. ఆయన కొడుకు పోయి ఆరేళ్ళయింది. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. అమ్ముతానంటున్నది పెద్దకొడుకు. ఆడపిల్లలకి పెళ్ళిళ్ళప్పుడే ఇచ్చేశాం, వాళ్ళకి సంబంధం లేదు అన్నాడు. ఇంటి పన్ను రసీదులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

దస్తావేజు
ఆ ఒక్క మాట మీద 58 లక్షలు పెడతారా అమ్మా?

పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఆ ఇంట్లో ఉంటున్నట్టు చూపించడానికి పనికొస్తుంది, అంతే. పెళ్ళప్పుడు కట్నం ఇచ్చాం అన్నదానికి చట్టంలో విలువ లేదు. మన రాష్ట్రం 1985 నుంచే అమలయ్యేలా హిందూ వారసత్వ చట్టం సవరించి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా వాటా ఇచ్చింది. 2005 సవరణతో దేశమంతా, పెళ్ళయినా కాకపోయినా, కూతురికీ పుట్టుకతోనే హక్కు. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అన్న గొడవ కూడా 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చేసింది, అక్కర్లేదని. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకమో, కోర్టు డిక్రీతో జరిగిన పంపకమో ఉంటే తప్ప ఆడపిల్లల్ని పక్కన పెట్టడం కుదరదు. ఇక అది ఉమ్మడి ఆస్తి కాదు, తండ్రి సొంతం అని వాదించినా సరే, వీలునామా లేకపోతే నలుగురు పిల్లలూ, తల్లి ఉంటే తల్లీ వారసులే. ఎటు తిప్పినా ఆ అక్కాచెల్లెళ్ళ సంతకాలు కావాలి.

రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) వీలైనంత వెనక్కి తీయించండి. స్థలం గ్రామకంఠమా (ఊరి ఇళ్ళకి వదిలిన నేల), పట్టానా అడగండి. రిజిస్ట్రేషను చెయ్యకూడని ఆస్తుల 22ఎ జాబితాలో ఉందేమో చూడండి. అవి తేలేదాకా బయానా వద్దు. ఇవ్వాల్సి వచ్చినా 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు ఇవ్వద్దు, స్థిరాస్తికి అలా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

పెంకుటింటి_ఆడపడుచు
ఈ చర్చ చదువుతుంటే చెయ్యి వణికింది, అందుకే రాస్తున్నాను.

మాది ముమ్మిడివరం వైపు. అచ్చం ఇలాంటి ఇల్లే. మా అన్నయ్య అమ్మేటప్పుడు నాకు కబురే లేదు. కొన్నవాళ్ళు పడగొట్టి, టేకంతా లారీలకెత్తి, చదును చేశాక మా పిన్ని కూతురు ఫోటో పంపింది. నా పురుడు జరిగిన గది ఉన్నచోట ఇటుకల కుప్ప. నేను కేసు వెయ్యలేదు, అన్నయ్యతో మాట పోగొట్టుకోలేక. కానీ వేసి ఉంటే ఆ కొన్నవాళ్ళు పదేళ్ళు తిరిగేవాళ్ళు.

ఆ ఇద్దరికీ మీరే ఫోన్ చెయ్యండి. బ్రోకరు ద్వారా కాదు, మీరు. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో మాట్లాడితే సగం పని అయిపోతుంది. డబ్బు కంటే ముందు, అడిగారన్నది కావాలి వాళ్ళకి.

కొబ్బరితోట_బాబాయ్
అమ్మాయ్, మా చెల్లెలు గుర్తొచ్చింది. మేం అడిగే అమ్మాం. అడిగినందుకే ఇప్పటికీ పండక్కి వస్తోంది.

లెక్కలపుస్తకం
95కి అమ్మితే మిగిలేదేంటో చూద్దాం. మీరు చెప్పిన అంకెలతోనే.

కొనుగోలు 58. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను కలిపి 7.5 శాతం, అంటే 4.35. పని 21. మొత్తం 83.35. ఇందులో 30 లక్షలు అప్పనుకుని 9 శాతం వేసుకుంటే రెండేళ్ళకి 5.4. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ మధ్యవర్తికి ఒక్కో శాతం, లక్షన్నర పైమాట. 95లోంచి ఇవన్నీ పోతే 4.7 లక్షలు.

పన్ను ఇంకా ఉంది. 24 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం. 2024 జూలై 23 తర్వాత కొన్నదానికి ద్రవ్యోల్బణం సర్దుబాటు లేదు. వడ్డీ కలపకుండా లెక్కేస్తే లాభం పది లక్షల చిల్లర, దాని మీద సెస్సుతో సహా లక్షా ముప్పై వేలు. చివరికి చేతిలో మిగిలేది 3.4 లక్షలు. రెండేళ్ళ చాకిరీకి. 24 నెలలకి ఒక్క రోజు ముందు అమ్మినా మీ జీతాలకి కలిపి పన్ను స్లాబు ప్రకారం కట్టాలి.

ఇంకోటి. కొనే ధర 50 లక్షలు దాటింది కాబట్టి మీరు అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టి కట్టాలి. అమ్మేవాళ్ళు నలుగురై ఒక్కొక్కరి వాటా 50 లోపున్నా మొత్తమే చూస్తారు, 2024 అక్టోబరు నుంచి ఆ సందేహం లేదు. వాళ్ళలో ఎవరైనా విదేశాల్లో ఉంటే ఆ వాటాకి 1 శాతం కాదు, చాలా ఎక్కువ పట్టాలి. ముందే ఆడిటరుని కలవండి.

మేస్త్రీ కూలీ దగ్గర్నుంచి ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారా ఇచ్చి బిల్లు దాచండి. బిల్లు లేని ఖర్చు అమ్మేటప్పుడు ఖర్చే కాదు.

గట్టు_అవతల
పోస్టు పెట్టినావిడ భర్తని. లెక్కలపుస్తకం గారి లెక్క రాత్రి రెండుసార్లు వేసి చూశాను, తప్పు లేదు. అందుకే నా మాట కూడా రాస్తున్నాను.

నాకూ ఆ స్తంభాలు నచ్చాయి. కానీ మాకున్నది పిల్ల చదువు డబ్బు. అందంగా ఉందని నిలబెట్టి, కొనేవాడు రాకపోతే? ఈ రోజుల్లో మండువాలో వాన పడుతుంటే గొడుగేసుకుని వంటింట్లోకి వెళ్ళే ఇల్లు ఎవరు కొంటారు? దోమలు, పాములు, దొంగలు. మూసేస్తే 300 చదరపు అడుగుల హాలు వస్తుంది. దానికి విలువ ఉంటుంది కదా?

వైనతేయ_గట్టు
ఈ మాట నాతో ఇంట్లో ఇంత వివరంగా అనలేదు మీరు.

భీమారం_బుల్లోడు
వదిన గారూ, అన్నయ్య గారూ, కాఫీలు పెట్టుకుని కూర్చోండి, మేం ఇక్కడే ఉంటాం 🙂

డిండి_మూల
గట్టు_అవతల గారూ, మీరడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. మా మావగారి ఇల్లు ఐదేళ్ళ క్రితం బాగుచేసి అద్దెకిస్తున్నాం. రాజోలు దాటాక, చించినాడ వంతెనకి ఇవతల. మొదట మేమూ మండువా మూశాం. పైన రంగు రేకు వేశాం, వెలుతురు వస్తుంది కదా అని. మే నెలలో ఆ హాల్లో మనిషి కూర్చోలేకపోయాడు. మండువా ఉన్నది వానకే కాదు, వేడిగాలి పైకి పోయే దారి అది. మూసేసరికి నాలుగు సావిళ్ళూ ఉడికిపోయాయి, నాలుగు ఏసీలు పెట్టాల్సి వచ్చింది. రెండో ఏడు రేకు పీకించి ఇనప వల వేయించాం. దోమల తెర సావిళ్ళ గుమ్మాలకి పెట్టాం, మండువాకి కాదు.

వచ్చేవాళ్ళు దేనికొస్తున్నారు? ఆ మండువాలో కూర్చుని వాన చూడ్డానికే. టైల్సూ ఫాల్స్ సీలింగూ వాళ్ళకి హైదరాబాదులోనే ఉన్నాయి.

అలాగని అద్దెల మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. సంక్రాంతి నాలుగు రోజులు అడిగినంత ఇస్తారు. కార్తీకమాసం, వేసవి సెలవులు పరవాలేదు. మిగతా నెలల్లో శనాదివారాలే. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదారి వార్తలు చూసి ఉన్న బుకింగులు కూడా రద్దు చేసుకుంటారు. కనిపెట్టుకుని ఉండే మనిషి జీతం పన్నెండు నెలలూ ఇవ్వాలి.

లంకవాసి
గోదారి వార్తలంటే గుర్తొచ్చింది. ఇల్లు ఏటిగట్టుకి లోపలా, బయటా? ఎవరూ అడగలేదేంటండి?

వైనతేయ_గట్టు
గట్టుకి ఊరి వైపే. ఏటికి రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది.

లంకవాసి
అయితే కొంత నయం. మాది ఏటి మధ్య లంక. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. రెండోది దాటిందంటే మేం సామాను అటకెక్కిస్తాం. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, 86 తర్వాత అంత నీళ్ళు నేను చూళ్ళేదు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళని పట్టుకుని 1986 ఆగస్టులో ఆ అరుగు దాకా నీళ్ళొచ్చాయా అని అడగండి. అలాగే 1996 నవంబరు 6 తుపాను. ఆ రాత్రి కోనసీమలో లేచిపోని పెంకు లేదు. ఆ ఇంటి పైకప్పు అప్పుడు పడిపోయి మళ్ళీ నేయించారేమో కనుక్కోండి. 38 నాటి వాసాలనుకుని 96 నాటి సరుగుడు వాసాలకి డబ్బిస్తారు లేకపోతే.

పట్టెకొలత
లంకవాసి గారు సరిగ్గా చెప్పారు. మాది వడ్రంగం ఇల్లు, మా నాన్న ఇలాంటివి కట్టారు, నేను విప్పుతున్నాను. విప్పడమే ఎక్కువైపోయింది ఇప్పుడు.

కర్ర చూసే పద్ధతి: స్తంభం నడుమ చూసి లాభం లేదు. అడుగున రాతి దిమ్మ మీద కూర్చున్న చోటా, దూలం చివర గోడలోకి దూరిన చోటా చూడాలి. చెమ్మ పట్టేదీ చెదలు ఎక్కేదీ అక్కడే. సుత్తి వెనక్కి తిప్పి కొట్టండి, గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చింది డొల్లగా పలుకుతుంది. తర్వాత సన్న ఉలి దింపండి. అంగుళం సులువుగా దిగితే ఆ చివర పోయినట్టే. చివర పోతే దూలం మొత్తం మార్చక్కర్లేదు, పోయినంత కోసి పాత టేకు ముక్కతోనే అతుకు వెయ్యొచ్చు.

స్తంభాలు మూడు లక్షలన్న కాంట్రాక్టరు తొమ్మిదికి అమ్ముతాడు. మా ఎదురుగా అమ్మారు. ఈ టేకు కొంత భద్రాచలం పైనుంచి గోదారిలో తెప్పలు కట్టి వచ్చింది, కొంత రంగూను నుంచి ఓడల మీద కాకినాడ, కోరంగి వైపు దిగింది. మళ్ళీ రాదు. స్తంభాలు పీకిన ఇల్లు ఎంతకి పోతుందో బాబాయ్ గారు మొదటి జవాబులోనే చెప్పేశారు, స్థలం ధరకి.

పురుగుకి: చెదల మందు పునాది చుట్టూ కొట్టించండి. దూలం చివర్లకి జీడిపిక్కల నూనె పుయ్యండి, మోరి అనే ఊరి వైపు దొరుకుతుంది. పడవలకి పూసేది అదే. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, జాగ్రత్త.

కొబ్బరితోట_బాబాయ్
పైకప్పు మీదకి వంగిన కొబ్బరిచెట్లు ఎన్ని? మా ఇంట్లో ఏడాదికి నలభై పెంకులు కాయలు పడే పోయేవి. మా నాయనమ్మ పెంకు పగిలిన చప్పుడు విని ఏ చెట్టు కాయో చెప్పేది.

సున్నంగానుగ
ఇంకో ముఖ్యమైన సంగతి మర్చిపోయాను. వీధి రోడ్డుకీ ఇంటి గడపకీ ఎత్తు తేడా ఎంత?

వైనతేయ_గట్టు
అరుగు ఎక్కడానికి ఒక్కటే మెట్టుంది. పక్కింటి మామ్మగారు తన చిన్నప్పుడు నాలుగు మెట్లుండేవి అన్నారు. మూడు రోడ్డు కింద ఉన్నాయట.

సున్నంగానుగ
అదీ అసలు జబ్బు. రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా పైన వేసుకుంటూ పోయారు. ఇంటి మట్టం అక్కడే ఉంది, ఊరు పైకి లేచింది. మండువా నేల గదుల కంటే పల్లం. దాని తూము వీధి కాలవలోకి ఉండి ఉంటుంది. ఇప్పుడు వీధి కాలవే ఎత్తు, వాన పడితే నీళ్ళు వెనక్కి ఇంట్లోకి తంతాయి. మీ చెమ్మలో సగం దాని వల్లే. మండువా మూసెయ్యమని కాంట్రాక్టరు అంటున్నది కూడా అందుకే అయ్యుంటుంది.

భీమారం_బుల్లోడు
జాకీలు పెట్టి ఇల్లు ఎత్తించేస్తే? మా వీధిలో డాబా మూడడుగులు ఎత్తారు.

సున్నంగానుగ
డాబా వేరు. స్లాబు, గోడ ఒక్క కట్టుగా లేస్తాయి. సున్నపు అడుసు గోడ మీద విడివిడిగా కూర్చున్న దూలాలు, పెంకు, స్తంభాలు జాకీకి ఒకేలా లేవవు. నేనైతే ఒప్పుకోను.

తూము దారి మార్చండి. వెనక పెరడు దాటాక పొలాల బోదె (చిన్న కాలవ) ఉందా? మన ఊళ్ళు చాలావాటిలో పెరడు పల్లానికే ఉంటుంది. మండువా నుంచి పెరటి గుండా ఆరంగుళాల గొట్టం వాలుగా వేసి బోదెలో కలపండి. వాన నీళ్ళు మాత్రమే, స్నానాల నీళ్ళు కలపొద్దు. ఇంకుడు గుంత అని ఎవరైనా చెబితే వినకండి, శ్రావణంలో మన నేలలో గుంత తవ్వితే నీళ్ళు ఇంకవు, ఊరతాయి.

గట్టు_అవతల
ఇంత సంగతి కాంట్రాక్టరు ఒక్క ముక్క చెప్పలేదు. ఆదివారం నేనే టేపు పట్టుకుని వెళ్తాను.

వైనతేయ_గట్టు
నాలుగు నెలలైంది, ఇక్కడ అంత సాయం చేసి ఎవరికీ ఏమైందో చెప్పలేదు. వివరంగా రాస్తున్నాను.

పెంకుటింటి_ఆడపడుచు గారు చెప్పినట్టు ఆ అక్కాచెల్లెళ్ళిద్దరికీ నేనే ఫోన్ చేశాను. పెద్దావిడ తణుకులో ఉంటారు. ఇల్లు అమ్మకానికి పెట్టినట్టే ఆవిడకి తెలీదు. ఫోన్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మండువా ఉంచుతారా అని అడిగారు. ఉంచుతామన్నాను, అప్పటికి మేమింకా తేల్చుకోలేదు, అయినా అనేశాను. చిన్నావిడ అమెరికాలో ఉంటారు. వాళ్ళ పెద్దన్నయ్యకి మొదట కోపం వచ్చింది, మేం మధ్యలో దూరామని. దస్తావేజు గారు చెప్పిన తేదీలన్నీ మా లాయరు ఆయన ముందు పెట్టాక మెత్తబడ్డారు. నలుగురికీ సమాన వాటాలు. చిన్నావిడ అక్కడి భారత కాన్సులేటులో పవరాఫ్ అటార్నీ రాసి అక్కకి పంపారు, అది ఇక్కడికొచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలంటే తణుకావిడే తిరిగి చేయించారు. ఆవిడ వాటాకి టీడీఎస్ విడిగా ఆడిటరు కట్టించారు.

ధర 58 నుంచి 51కి దిగింది. అందులో నా గొప్పేమీ లేదు, మా ఆయన టేపు కొలతలు. తూము సంగతి, ఉత్తరం వైపు మూడు దూలాల చివర్లు పోవడం, ఫోటోలతో సహా వాళ్ళ ముందు పెట్టారు. లంకవాసి గారి అనుమానం కూడా నిజమే. 96లో పడమటి సావిడి కప్పు లేచిపోయింది, అటు వాసాలన్నీ సరుగుడే, పుచ్చిపోయాయి. మామ్మగారు చెప్పారు.

లెక్కలపుస్తకం
51 అంటే రిజిస్ట్రేషనుతో 54.8. ఇప్పుడు లెక్క నిలబడుతుంది. పనికి ఎంత అనుకుంటున్నారు?

వైనతేయ_గట్టు
పదహారు. కాంట్రాక్టరు లేడు. పెంకు నేత వాళ్ళు కొత్తపేట వైపు నుంచి, వడ్రంగం పట్టెకొలత గారు చెప్పిన వాళ్ళ బంధువు, సున్నం పని తెలిసిన మేస్త్రి ఒకాయన దొరికారు, డెబ్భై ఏళ్ళు. ఆయన చూపిస్తే కొడుకు పూస్తాడు. ఏప్రిల్‌లో గోడలు చెక్కి వదిలేశాం, చెక్కిన రోజు గదంతా సముద్రం వాసన. మేలో మూడు వారాలకే గోడ రంగు మారింది. మే చివర్లో వీధి వైపు గదికి మొదటి పూత పడింది, మిగతావి ఇంకా ఆరుతున్నాయి.

ఫాల్స్ సీలింగు లేదు. టైల్సు లేవు, పాత ఎర్ర గచ్చు కడిగిస్తే అద్దంలా వచ్చింది, పగిలిన రెండు గదులకి మాత్రం కడప రాయి. రెండు స్నానాల గదులు ఇంటికి అతికించకుండా పెరట్లో వసారా చివర కట్టిస్తున్నాం, చెమ్మ ఇంటి గోడలకి పట్టకుండా.

కొబ్బరితోట_బాబాయ్
అంతా బాగానే ఉంది గానీ, రెండేళ్ళకి 95 ఇచ్చే మనిషి వస్తాడా? ఆ సందేహం నాకింకా పోలేదమ్మా.

గట్టు_అవతల
నాకూ పోలేదు బాబాయ్ గారూ. రాకపోతే డిండి_మూల గారిలా అద్దెకిచ్చి ఇంకో మూడేళ్ళు ఆగుతాం. అప్పు 30 తీసుకోవాల్సింది 20తో సరిపెట్టింది కూడా అందుకే, ఆగినా వడ్డీ మమ్మల్ని మింగకుండా.

స్తంభాలు ఎనిమిదీ ఉన్నాయి. రెండిటికి అడుగున జానెడు అతుకు వేయించాం. తణుకావిడ వచ్చి చూసి, తూర్పు వైపు రెండో స్తంభం దగ్గర నిలబడి తన ఎత్తు గీసిన గాట్లు చూపించారు. వాటికి పాలిషు పెట్టొద్దని వడ్రంగికి చెప్పాను.

పెంకుటింటి_ఆడపడుచు
ఈ ఒక్క పోస్టు మా అన్నయ్యకి పంపుతున్నాను.

డిండి_మూల
తూము సంగతి తేల్చారా? దాని మీదే ఉంది అంతా.

గట్టు_అవతల
మొన్న రాత్రి తొలి పెద్ద వాన. నేను అక్కడే ఉన్నాను, సావిట్లో మంచం వేసుకుని. కరెంటు పోయింది. నలభై నిమిషాలు ఏకధాటిగా కురిసింది. నాలుగు వైపుల పెంకు మీంచీ మండువాలోకి ధారలు. టార్చి పట్టుకుని మట్టం చూస్తూ కూర్చున్నాను. నాలుగు వేళ్ళ ఎత్తు దాకా వచ్చి అక్కడే నిలబడింది, గదుల గడపకి ఇంకా జానెడు ఉంది. వాన ఆగాక పదకొండు నిమిషాల్లో మొత్తం పోయింది. వెనక బోదె దగ్గరికి వెళ్ళి గొట్టం చివర చూశాను, నీళ్ళు దూకుతున్నాయి. అర్ధరాత్రి ఫోన్ చేసి మా ఆవిడని లేపాను.

వైనతేయ_గట్టు
పన్నెండున్నరకి. నేను, పిల్ల ఇద్దరం స్పీకరు పెట్టుకుని ఆ చప్పుడు విన్నాం.

భీమారం_బుల్లోడు
ఆ సున్నం మేస్త్రి నంబరు ఇస్తారా? మా అమ్మమ్మ ఇల్లు కూడా ఇలాగే నడుం దాకా ఉప్పురిసింది, ఉండిలో. ఇంతకాలం పడగొట్టడమే దారి అనుకున్నాం.

వైనతేయ_గట్టు
మీకు విడిగా పంపాను, చూసుకోండి. ఈ ఏడు కాలవలు వదిలేశారు కాబట్టి కొత్త పని ఒప్పుకోరు, మళ్ళీ ఏప్రిల్‌లోనే. వెళ్ళేముందు పాత సిమెంటు ఎక్కడిదాకా ఉందో ఫోటోలు తీసి ఉంచండి, మొదటి ప్రశ్న అదే అడుగుతారు.